పిడుదు: పశువునకు పీడ, ప్రజకు ప్రమాదము

ప్రతి సంవత్సరమును తొలకరి వానలు కురిసి, కైలాసగిరియు, యారాడ కొండయు, సింహాచల పర్వతసానువులును పచ్చనగుటతోడనే విశాఖపట్టణమున రెండు దృశ్యములు మన కంటబడును. రహదారుల నడుమ నెమరువేయుచు పరుండియుండు పశువులు మొదటి దృశ్యము. ఆసుపత్రుల గుమ్మములయొద్ద దినదినమునకు పెరుగుచుండు జ్వరరోగుల బారు రెండవ దృశ్యము. ఈ జ్వరములలో పెక్కింటికి దోమయే కారణమని అందరు నెరిగినదే. దోమను గూర్చి ప్రభుత్వమును, పురపాలకులును, పత్రికలును చెప్పవలసినంత చెప్పుచునే యున్నారు. కాని పశువు చెవి వెనుకను, కొండ దిగువ పొదలోను దాగియుండి, దోమవలె పాట పాడక, కరచినపుడు నొప్పియైన నెరిగింపక, నెత్తురు త్రాగి రోగము నాటిపోవు మరియొక జాతి యున్నది. దానిని గూర్చి మనము తగినంతగా తలచుట లేదు. అందుచేత నేడు పిడుదును గూర్చియు, దాని జ్ఞాతులను గూర్చియు నాలుగు మాటలు పాఠకులకు విన్నవింప దలచితిమి.

పిడుదు అనియు, గోమారి యనియు మనవారు పిలుచు ఈ ప్రాణిని ఎరుగని రైతు లేడు. పశువు చెవులలోను, గంగడోలు మడతలలోను, పొదుగు ప్రక్కలను, తోక మొదటను ఆముదపు గింజవలె అంటుకొని వ్రేలాడుచుండును. ఈ పోలిక మనకొక్కరికే తోచినది కాదు. ప్రాచీన రోమకులు తమ లాటిను భాషలో పిడుదునకు పెట్టిన పేరే ఆముదపు చెట్టునకును పెట్టిరి. జనులు దీనిని పురుగని యందురు గాని శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది సాలెపురుగునకును, తేలునకును చుట్టము. పెరిగిన పిడుదునకు ఎనిమిది కాళ్లు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు మాత్రము ఆరే. దీనికి రెక్కలు లేవు, ఎగురజాలదు, దుముకజాలదు. దీని బలమంతయు ఓర్పునందే యున్నది. పిల్ల పిడుదు గడ్డిపరక కొన కెక్కి, ముందరి కాళ్లు చాచి, వారముల తరబడి ఆహారము లేకయే వేచియుండగలదు. ఆ ముందరి కాళ్లయందు ఒక చిన్న గుంట యున్నది. అదియే దానికి ముక్కు. దాపునకు వచ్చిన ప్రాణి ఊపిరిని, ఒంటి వేడిని దానితోనే పసిగట్టి, ఆ ప్రాణి మేను గడ్డిని రాచుకొని పోవు క్షణమున పట్టుకొనును.

మన పశువులను పీడించు పిడుదులలో ముఖ్యమైనవి రెండు. ఒకటి రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనునది. ఇది పిల్లగా ఏ పశువు నెక్కునో ఆ పశువు మీదనే సుమారు మూడు వారములలో పెరిగి పెద్దదై, కడుపార నెత్తురు త్రాగి, నేలరాలి, రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టి చచ్చును. రెండవది హయలోమా జాతి పిడుదు. ఇది తన జీవితకాలమున ఒకటికి మించిన పశువులమీద ఆకలి తీర్చుకొనుచు, నడుమ నడుమ కొట్టపు గోడల నెరియలలోను, ఇటుకల సందులలోను, రాటల బీటలలోను దాగియుండును. మొదటిదానిని అణచుటకు మేతబీడును, పశువు మేనును చూడవలెను. రెండవదానిని అణచుటకు కొట్టపు గోడను గూడ చూడవలెను. ఈ భేదము నెరుగక మందు చల్లువాడు డబ్బు పోగొట్టుకొనును గాని పిడుదును పోగొట్టజాలడు.

పిడుదు త్రాగు నెత్తురుకంటె అది విడిచిపోవు రోగబీజమే భయంకరమైనది. బెబీసియా యను సూక్ష్మజీవి రక్తములోని ఎర్రకణములను బ్రద్దలు చేయగా, పశువు మూత్రము కాఫీ కషాయము రంగున వెడలును. థైలీరియా యను వేరొక జీవి తెల్లకణములలో చొచ్చి వృద్ధిపొందగా, తీవ్రజ్వరము వచ్చి, భుజముల ముందరి గ్రంథులు ఉబ్బి, కనురెప్పల లోపలి పొర పాలిపోయి, పాలు ఇంకిపోయి, పశువు కొలది దినములలోనే కూలిపోవును. అనాప్లాస్మా యను మూడవది మెల్లమెల్లగా రక్తమును క్షీణింపజేయును. మందులు లేవా యందురేమో, ఉన్నవి. బెబీసియాకు డైమినజీన్, థైలీరియాకు బుపార్వకోన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ పశువైద్యు లెల్లరు నెరిగినవే. కాని అవి సకాలమున, రోగమును గుర్తించిన పిమ్మట, తగిన మోతాదున పడవలెను. రెండు పాడియావులే ఆస్తిగా బ్రతుకు కుటుంబమునకు అందొకటి కూలుట యనగా సగము సంసారము కూలుటయే. ఇల్లాలి పేర తీసిన అప్పు నిలిచియుండును. ఆవు మాత్రము ఉండదు.

ఈ రోగములకు పిడుదే వాహకమని లోకమునకు ఎట్లు తెలిసినదో చెప్పుట యిచట ఉచితము. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలోని టెక్సాసు మొదలగు దక్షిణ సీమలనుండి పశువులను మందలు మందలుగా ఉత్తరమునకు తోలుచుండెడివారు. ఆ దక్షిణపు పశువులు చూచుటకు ఆరోగ్యముగానే యుండెడివి. కాని అవి నడచిన దారిని మేసిన ఉత్తరపు పశువులు కొన్నివారములకు ఎర్రమూత్రము పోసి చచ్చుచుండెను. దీనికి పిడుదే కారణమని కాపరులు చెప్పుచుండగా పండితులు నవ్విరి. థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్బోర్న్ అను ఇరువురు ప్రభుత్వ శాస్త్రోద్యోగులు మాత్రము ఆ మాటను పరీక్షింపనెంచిరి. వాషింగ్టను దాపున దడులు కట్టి, ఒక దడిలో పిడుదులతో కూడిన దక్షిణపు పశువులను ఉత్తరపు పశువులతో కలిపి యుంచిరి, ఉత్తరపువి జబ్బుపడినవి. వేరొక దడిలో దక్షిణపు పశువుల మేనినుండి పిడుదులను చేతితో ఏరివేసి కలిపిరి. ఏ కీడును కలుగలేదు. మరియొక దడిలో దక్షిణపు పశువే లేకుండ ఉట్టి పిడుదులను గడ్డిలో వెదజల్లిరి. ఉత్తరపు పశువులు మరల జబ్బుపడినవి. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము ఏ న్యాయస్థానమునకు కావలెను?

ఇందు మరియొక వింతయు బయలుపడినది. రోగియైన పశువును కరచిన పిడుదు ఒకటి. ఆరోగ్యముగానున్న పశువునకు రోగమిచ్చు పిడుదు మరియొకటి. రెండవది మొదటిదాని సంతానము. తల్లి కడుపులోని గ్రుడ్డునందే రోగబీజము వారసత్వముగా సంక్రమించును. 1893లో ఈ పరిశోధన ప్రకటింపబడినది. పురుగుపుట్రల జాతిది ఒక ప్రాణినుండి వేరొక ప్రాణికి రోగము నంటించునని ఇట్లు ప్రయోగపూర్వకముగా స్థాపించిన తొలి పరిశోధనగా దీనిని వైద్యచరిత్రకారులు పేర్కొందురు. మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా బీజమును కనుగొన్నది 1897 ఆగస్టు 20వ తేదీన. అనగా నాలుగేండ్ల తరువాతి మాట. దోమకంటె ముందే పిడుదు దోషిగా తేలినది. అయినను దోమ పేరు జగమెరిగినది. పిడుదు పేరు కొట్టము దాటలేదు. కాపరి మాటను త్రోసివేయక పరీక్షించుటచేతనే ఆ మహోపకారము జరిగినదని మన విద్యావంతులు గుర్తుంచుకొందురు గాక.

అమెరికావారు అంతటితో ఆగలేదు. 1906లో పిడుదు నిర్మూలనమును జాతీయకార్యముగా చేపట్టి, ఊరూరను మందునీటి తొట్లు కట్టి, పశువులను వరుసగా వానిలో ముంచి దాటించిరి. రైతులలో కొందరు ఎదిరించిరి. కొన్నియెడల తొట్లనే ప్రేల్చివేసిరి. అయినను పని సాగినది. 1943 నాటికి మెక్సికో సరిహద్దున కావలిపట్టీ తప్ప తక్కిన దేశమంతటను ఆ పిడుదు దాదాపు అంతరించినది. ఆ కావలి నేటికిని ఉన్నది. ఒక్క రైతు తన కొట్టములో చేయజాలనిదానిని దేశము కూడి చేయగలదని ఇందుచే తేలుచున్నది.

ఇక మన సంగతి. పిడుదునకు ఎదురు నిలుచు శక్తి మన ఒంగోలు గిత్త చర్మముననే యున్నదని ఎందరు తెలుగువారు ఎరుగుదురు? మూపురముగల మన దేశపు పశువుల మేని కెక్కిన పిల్ల పిడుదులలో అధికభాగము పెరుగకయే నశించును. పొట్టిగా, నునుపుగా నుండు వెండ్రుకలును, నాకుకొని శుభ్రపరచుకొను అలవాటును, పిడుదు కాటునకు చర్మము చూపు ప్రతిక్రియయు ఇందుకు తోడ్పడును. తరతరములుగా పిడుదుతో పోరాడి గెలిచిన మేని సంపద యిది. దీని విలువను మనకంటె పరులే ముందు గ్రహించిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఓడలమీద బ్రెజిలు చేరిన ఒంగోలు పశువులు అచ్చట నెలోర్ అను పేర వ్యాపించినవి. నాడు ఒంగోలు సీమ నెల్లూరు జిల్లాలో చేరియుండుటచే ఆ పేరు వచ్చినది. నేడు బ్రెజిలు మాంసపు మందలలో అత్యధికభాగము నెలోర్ రక్తముగలవే. విశాఖ రేవు ఓడలకు తెరువబడిన 1933వ సంవత్సరముననే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రైతులు, తమ పశువులు పిడుదులకు ఎండకు తాళలేక క్షీణించుచుండగా, మూపురపు పశువుల సంతతియగు బ్రాహ్మన్ పశువులను అమెరికానుండి తెప్పించుకొనిరి. ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ జాతుల రక్తము ఆ బ్రాహ్మన్ పశువులలో కలసియున్నది.

మన బిడ్డ పరాయియింట సింహాసన మెక్కుట సంతోషమే. కాని పుట్టినింట దానికి గడ్డియైన దొరకకుండుట మనకు సిగ్గు. ఇచట మేము సంకరజాతి ఆవును నిందించుట లేదు. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తము కలసిన ఆవులు పాలపంటను పెంచి అనేక పేద కుటుంబములకు నెలనెలకు చేతినిండ రూకలు తెచ్చినవి. దానిని కాదనుట కృతఘ్నత. కాని ఆ చల్లని దేశపు రక్తమునకు మన పిడుదును, అది తెచ్చు థైలీరియాను ఎదిరించు శక్తి తక్కువ. నాటు పశువు తాళుకొను జబ్బునకు సంకరజాతి పశువు కూలిపోవును. ఎక్కువ పాలనిచ్చు ఆవును చేతికిచ్చినవారు దానితోడనే ఎక్కువ కాపుదలయు నేర్పవలసియుండెను. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునాలాజికల్స్ సంస్థ థైలీరియా రోగమునకు టీకామందు తయారుచేసినది. అట్టిదొకటి యున్నదని పాడి రైతులందరికి తెలియజెప్పు బాధ్యత ఎవరిది? ఆవు నమ్మునపుడు అప్పుపత్రమును చదివి వినిపించువారు, ఈ మాటయు వినిపింపరాదా?

విశాఖపట్టణమున ఈ సమస్యకు మరియొక ముఖము గలదు. ఈ పట్టణము ఒకనాడు పల్లెల గుంపు. రేవు వచ్చినది, చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది, 1966లో తెలుగు ప్రజ ప్రాణములొడ్డి 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని నినదింపగా, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. దానికై ఎన్నో గ్రామములు తమ పొలములను, బీళ్లను అర్పించినవి. ఆ త్యాగము చరిత్రలో నిలిచిపోవునది. కాని పల్లె పోయినచోట పశువు మిగిలినది. మేతబీడు మేడలైనది, చెరువుగట్టు రహదారియైనది. పాలు పిండిన పిమ్మట ఆవును వీధిలోనికి తోలుట వాడుకయైనది. అది సంతలో పారవేసిన ఆకులను మేసి, వంతెనల క్రింద విశ్రమించి, కుక్కల నడుమ నిదురించును. రాలిన పిడుదు ఇప్పుడు మేతబీటిలో గాక మన ఇంటి ప్రహరీ ప్రక్కను గ్రుడ్లు పెట్టుచున్నది.

కుక్క విషయమును ఇట్టిదే. గోధుమవన్నె కుక్కపిడుదు ఇంటి గోడల నెరియలలోనే కాపురముండి సంతతిని పెంచుకొనగలదు. అది కుక్కకు అంటించు ఎర్లికియా రోగమున జ్వరము వచ్చి, రక్తమును గడ్డకట్టించు కణములు తగ్గి, కొన్నియెడల ముక్కునుండి నెత్తురు కారును. పెంపుడు కుక్కను పరుపుమీద పరుండబెట్టుకొను మన నాగరకులలో దాని చెవి మడతను విప్పిచూచువారెందరు? మరి సింహాచల దేవస్థానమున అప్పన్న స్వామికి భక్తులు కోడెదూడలను మ్రొక్కుబడిగా సమర్పించుట ఈ సీమలో వాడుక. అది పవిత్రమైన ఆచారము. ఊరూరనుండి దూడలు ఒకచోట చేరునపుడు వాటితో పిడుదులును చేరును గనుక, మ్రొక్కు చెల్లించువారు దూడను ఇంటివద్దనే పరీక్షింపించి, పిడుదులు పోగొట్టి కొండకు తోడ్కొనివచ్చుట మ్రొక్కులో భాగముగానే ఎంచవలెనని మా మనవి. దేవునికిచ్చు దూడ ఆరోగ్యముగ నుండవలదా?

పశువు బాధ పశువుతోనే తీరునా యన్న, తీరదు. 1957లో అప్పటి మైసూరు రాష్ట్రమున, షిమోగా జిల్లాలోని క్యాసనూరు అడవియందు కోతులు గుంపులుగా చచ్చినవి. వెంటనే చుట్టుపట్టు పల్లెల మనుష్యులు జ్వరముతో పడిరి. విచారింపగా అడవి పిడుదులు మోయుచున్న ఒక క్రొత్త వైరస్ బయటపడినది. అడవిలో మేతకు పోవు పశువులు ఆ పిడుదులకు నెత్తురు భోజనమై వాటి సంతతిని పెంచుచుండెను. నాటినుండి నేటివరకు ఆ క్యాసనూరు అడవిజ్వరము పడమటి కనుమలను విడువలేదు. 2011 జనవరిలో గుజరాతులోని అహమ్మదాబాదు జిల్లాయందు క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరము తొలిసారిగా మన దేశమున నిర్ధారింపబడినది. అందు రోగియే గాక, ఆ రోగికి చికిత్సచేసిన వైద్యుడును, పరిచారికయు ప్రాణములు కోల్పోయిరి. ఆ రోగమును మోయునది హయలోమా జాతి పిడుదు. మన కొట్టపు గోడల నెరియలలో దాగు జాతియే. పాఠకులను భయపెట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఇల్లు కాలకముందే నూయి త్రవ్వుకొనవలెనని జ్ఞాపకము చేయుచున్నాము.

పై రెండును మనకు దూరపు రోగములు. దాపుననే యున్న రోగమును గూర్చి యిక చెప్పెదము. పిడుదునకు దాయాదియైన నల్లిజాతి ప్రాణి యొకటి గలదు. ఇది మంచపునల్లి కాదు. పంటచేలను పీడించు ఎర్రనల్లి వంటి మిక్కిలి సూక్ష్మమైన ప్రాణి. దీని పిల్ల దాదాపు కంటికానదు. పొదలలోను, కలుపుగడ్డిలోను ఎలుకల నాశ్రయించి యుండి, ఆ దారిని పోవు మనుష్యుని కరచును. ఆ కాటువలన వచ్చు జ్వరమే స్క్రబ్ టైఫస్. జపాను దేశమున చిరకాలముగా ఎరిగిన రోగమిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, విశాఖమీద 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను బాంబులు పడిన ఆ దినములలో, బర్మా అస్సాము సరిహద్దుల పోరాడిన సైనికులను గుండ్లతోపాటు ఈ జ్వరమును బాధించినది. దానికి మందే లేదనుకొనుచుండగా, 1948లో మలయా దేశమున క్లోరాంఫెనికాల్ చికిత్స జయప్రదమైనది. నేడు డాక్సీసైక్లిన్ అను అతిచవుక మాత్రతోనే ఇది కుదురును. కొందరికి అజిత్రోమైసిన్ ఇత్తురు. 2025వ సంవత్సరపు చివరి మాసములలో మన రాష్ట్రపు పలు జిల్లాలలో ఈ జ్వరము బయలుపడగా, విశాఖపట్టణము జిల్లాయు అందు చేరినది.

మందింత సులభమై యుండగా మరణము లేల? గుర్తింపు ఆలస్యమగుటచేతనే. జ్వరము, తలనొప్పి, ఒడలునొప్పులు అనిన ఏ జ్వరమునకు లేవు? మలేరియా కాదని, డెంగీ కాదని, టైఫాయిడ్ కాదని తేలులోపల వారము గడచిపోవును. ఆ పిమ్మట ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు బాధితమగును. కాని ఈ రోగము చాలమందియందు ఒక ముద్ర వేసిపోవును. నల్లి కరచినచోట చుట్టకాల్పువంటి నల్లని పొక్కు కట్టును. నొప్పి యుండదు, దురద యుండదు. చంకలోను, గజ్జలోను, నడుమున బట్ట బిగియు చోటను, స్త్రీలకు రొమ్ముల క్రిందను దాగియుండును. చామనచాయ మేనిమీద అది సులభముగా కంటబడదు. కూలికి పోయిన స్త్రీ సిగ్గుచే చెప్పదు. తొందరలోనున్న వైద్యుడు చూడడు. ఆ చిన్న పొక్కు కనబడినయెడల ఒక ప్రాణము నిలుచును. ఈ వ్యాసమునందు మేము చెప్పదలచిన మాటలన్నిటిలోను, పాఠకుడు మరచినను ఈ యొక్కమాట మరువకుండును గాక.

ఇది మనిషినుండి మనిషికి అంటునది కాదు. ఆవునుండి వచ్చునదియు కాదు. కనుక రోగిని వెలివేయ బనిలేదు. పశువును తిట్ట బనిలేదు. కాని కుక్కపిడుదు మోయు టిక్ టైఫస్ అను జ్వరము మనుష్యులకు వచ్చును. అరచేతులకు, అరికాళ్లకు గూడ ఎర్రని దద్దురులు వ్యాపించుట దాని లక్షణము. దానికిని డాక్సీసైక్లినే మందు. ఒకే మందు కుదుర్చు రోగములు రెండును మన గుమ్మములయొద్ద నుండగా, వాని పేర్లైన ఎరుగక యుండుట విద్యావంతమైన నగరమునకు తగదు.

ఇచట మా ముఖ్యమైన ఫిర్యాదు నొకదానిని చెప్పవలసియున్నది. మన దేశమున మనుష్యవైద్యము ఒక శాఖ, పశువైద్యము మరియొక శాఖ, పురపారిశుద్ధ్యము వేరొక శాఖ. ఒకరి దస్త్రము ఒకరు చూడరు. పిడుదునకు మాత్రము ఈ భేదములు లేవు. అది పశువునుండి కుక్కకును, గోడనుండి మనిషికిని యే శాఖ అనుమతియు లేకయే నడచిపోవును. విశాఖపట్టణమున ఆంధ్ర వైద్య కళాశాలయు, కింగు జార్జి ఆసుపత్రియు 1923లో వెలసి శతాబ్దము దాటినవి. పొరుగు విజయనగరము జిల్లాలోని గరివిడియందు పశువైద్య కళాశాల యున్నది. ఈ విద్యాలయముల పెద్దలును, నగరపాలక సంస్థవారును, పశుసంవర్ధక శాఖవారును ఏటేట తొలకరికి ముందొక్కసారి కూర్చుండి, ఏ పేటలో ఏ పిడుదు హెచ్చినదో, ఏ కొండ దిగువ ఏ జ్వరము వచ్చినదో ఒకే పటముమీద గుర్తులు పెట్టుకొందురేని, సగము రోగము పటముమీదనే పట్టుబడును. ఇందుకు కోట్లు అక్కరలేదు. కలసి కూర్చుండు మనసు చాలును.

ఇక గృహస్థులును, పాడి రైతులును చేయదగినది ఏమన: కొట్టపు గోడల నెరియలను పూడ్చి, సున్నము కొట్టి, నేలను పొడిగా నుంచవలెను. పేడకుప్పను కొట్టమునకు దూరముగా వేయవలెను. క్రొత్తగా కొన్న పశువును మందలో కలుపుటకు ముందు కొన్నిదినములు వేరుగా కట్టి పిడుదులు పోగొట్టవలెను. పెరటికోళ్లు కొట్టములోని పిడుదులను ఏరి తినును గనుక వాటిని తరుమరాదు. పశువు మేని పిడుదును ఉట్టి వ్రేళ్లతో నలిపి చంపుట మన పల్లెలలో వాడుక, ఇది మానవలెను. నలిగిన పిడుదు నెత్తురు చేతి గాయములగుండ రోగము తేగలదు. చేతికి తొడుగు వేసికొని ఏరి, కిరసనాయిలులోగాని సబ్బునీటిలోగాని వేయవలెను. మనిషి మేని కంటుకొనిన పిడుదును కాల్చుట, నూనె పోయుట కూడదు. సన్నని చిమటతో చర్మమునకు ఆనించి పట్టి, తిన్నగా పైకి లాగవలెను.

మందుల విషయమున ఒక హెచ్చరిక. డెల్టామెత్రిన్, అమిట్రాజ్, ఐవర్‌మెక్టిన్ మొదలగునవి మంచి మందులే. కాని ఒకే మందును పలుచగా కలిపి, తోచినపుడెల్ల చల్లినచో, దానికి లొంగని పిడుదులు మాత్రమే బ్రతికి వాటి సంతానమే పెరుగును. ఇది పలుదేశముల అనుభవము; మన దేశపు అనుభవమును. ఐవర్‌మెక్టిన్ పొడిచిన పాడిపశువు పాలను వైద్యుడు చెప్పిన గడువువరకు అమ్మరాదు. కనుక దుకాణదారుని గాక పశువైద్యుని అడిగి వాడుట మేలు. ఆంధ్రప్రదేశమున 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసిన సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు గలదు. దానిని రైతులు వినియోగించుకొందురు గాక. పొదలలో పనిచేయువారు నిండుచేతుల బట్టలు ధరించి, ఇంటికి వచ్చినవెంటనే స్నానము చేసి, ఆ బట్టలను ఉతుకవలెను. జ్వరము నాలుగైదు దినములకు దిగనిచో, మేనిమీద నల్లని పొక్కు ఉన్నదేమో తామే వెదకుకొని, సిగ్గు విడచి వైద్యునికి చూపవలెను.

ప్రభుత్వమునకు మా విన్నపములు మూడు. నగరపు అంచులయందు పశువులకు మేతబీళ్లును, పాడివారికి నీటివసతిగల కొట్టముల స్థలములును కేటాయించి, వీధిపశువును శిక్షించుటకు బదులు దాని యజమానికి దారి చూపవలెను. స్క్రబ్ టైఫస్ పరీక్షయు, డాక్సీసైక్లిన్ మాత్రయు నగరపు ఆసుపత్రులలోనే గాక కొండపల్లెల ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోను ఎల్లప్పుడు దొరకవలెను. ఒంగోలు, పుంగనూరు మొదలగు మన జాతుల పిడుదునెదిరించు శక్తిని శాస్త్రీయముగా కొలిచి, పాడికిని ఓర్పునకును పొందికగల మందలను మన రైతుల చేతికే ఈయవలెను. బ్రెజిలు చేసినది మనము చేయజాలమా?

స్వరాజ్యము వచ్చిన దినమున మనము కోరుకొన్నది ఓడరేవులు, కర్మాగారములు మాత్రమే కాదు. కొట్టములోని ఆవు నిండుకడుపుతో పరుండుటయు, కొండమీద కట్టెలేరుకొను స్త్రీ జ్వరముతో దిక్కులేక చావకుండుటయు అందు చేరియున్నవి. పిడుదు చిన్నది, దాని పిల్ల ఆవగింజకంటెను చిన్నది. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనరాదని మన పెద్దలు చెప్పిరి. ఈ వర్షాకాలము ముగియులోపల విశాఖపట్టణపు ప్రతి గృహస్థుడును తన పశువు చెవిని, తన కుక్క మెడను, తన బిడ్డ మేనిని ఒక్కసారి పరికించి చూచునేని, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ సార్థకమైనదని సంతసింతుము.